పొట్టేలు కోసే కత్తులు: ఉక్కు చూసి, అంచు చూసి ఎంచుకోవడం ఎట్లా

కనుమ, బక్రీద్, ఊరి దేవర. వీటికి వారం ముందు నుంచే మన సీమ ఊళ్ళలో కత్తుల కోసం వెతుకులాట మొదలవుతుంది. అటక మీది మచ్చుకత్తి దించితే తుప్పు పట్టి ఉంటుంది. పక్కింట్లో అడిగితే వాళ్ళదీ మొద్దే. చివరికి సంతలో తళతళా మెరుస్తున్న కత్తి ఏదో ఒకటి కొనుక్కొస్తారు, సగం పొట్టేలు కాకముందే దాన్ని తిట్టుకుంటారు. 2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో గొర్రెలే సుమారు 1.76 కోట్లు, దేశంలో తెలంగాణ తర్వాత మనమే. ఇన్ని జీవాలున్న చోట కత్తి విషయంలో మాత్రం ఇంత అశ్రద్ధ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక్క కత్తితోనే పొట్టేలు మొత్తం అయిపోవాలనుకోవడం దగ్గరే తిప్పలు మొదలవుతాయి. తోలు ఒలిచే అంచు పల్చగా ఉండాలి. తొడ ఎముక మీద పడే అంచు మందంగా ఉండాలి. మొదటి పనికి ఎంత బాగా కుదిరితే రెండో పనికి అంతగా పనికిరాదు. ఉక్కు కూడా అంతే: గట్టిది పదును నిలుపుకుంటుంది గానీ దెబ్బకు పెచ్చులూడుతుంది; మెత్తనిది దెబ్బ తట్టుకుంటుంది గానీ అంచు మడత పడుతుంది. అందుకని ఏ పనికి అన్నది ముందు తేల్చుకుని, తర్వాతే అంగడికి పోవాలి.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తా. ఇక్కడ రాసేదంతా ఇంట్లో పెంచిన గొర్రె, మేకల గురించే. అడవి జంతువును వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. రోళ్ళపాడు అభయారణ్యం చుట్టుపక్కల కృష్ణజింకలు చేలో పడి మేశాయని కోపం రావచ్చు. ఆ కోపంతో అటవీ శాఖ ఆఫీసుకు పోయి అర్జీ పెట్టండి, కత్తి జోలికి పోవద్దు.

మొదటి అడుగు: నాలుగు పనులు, నాలుగు అంచులు

కోతకత్తి. పొడవు మెడ వెడల్పుకు కనీసం రెట్టింపు ఉండాలి. పొట్టేలుకైతే 20 నుంచి 25 సెంటీమీటర్లు. పొట్టి కత్తయితే ముందుకీ వెనక్కీ రంపంలా ఆడించాల్సి వస్తుంది, జంతువుకు అది నరకం. అంచు మీద గోరు అడ్డంగా పెట్టి మెల్లగా మొన దాకా జరపండి. ఎక్కడా తట్టుకోకూడదు. ఒక్క గంటు తగిలినా ఆ కత్తి ఆ పూటకు పక్కన పెట్టాల్సిందే. ఊళ్ళో ముల్లాసాబును పిలిచి కోయించే ఇళ్ళయితే ఆయన కత్తి ఆయనే తెచ్చుకుంటాడు కాబట్టి ఇది మీరు కొనే పని లేదు. ఒక జీవాన్ని కోసేటప్పుడు మిగతావాటిని కనపడకుండా కట్టేయండి. కబేళాలకు 2001లో కేంద్రం పెట్టిన నిబంధనల్లోనే ఈ మాట ఉంది, ఇంటి దగ్గర మనమెందుకు పాటించకూడదు?

ఒలుపుకత్తి. 12 నుంచి 15 సెంటీమీటర్లు, ముందుభాగం వంపు తిరిగి ఉండాలి. మొన మరీ సూదిగా ఉంటే తోలుకు చిల్లులు పడతాయి. నిజానికి దీనికి పని తక్కువ. కాళ్ళ దగ్గర, పొట్ట మధ్యన గాటు పెట్టి తెరిచాక, మిగతా తోలంతా పిడికిలి తోసుకుంటూ పోతే వచ్చేస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళు ఒలిచేటప్పుడు చూడండి, కత్తి ఎక్కువసేపు పళ్ళ మధ్యనో పక్కనున్న బండ మీదో ఉంటుంది.

కండకత్తి. 15 సెంటీమీటర్ల పొడవు, సన్నటి ఒళ్ళు, వెన్ను 2 మిల్లీమీటర్ల మందం. కీళ్ళ సందుల్లో తిరగడానికి కాస్త వంగాలి, వంగి మళ్ళీ తిన్నగా రావాలి.

మచ్చుకత్తి. 700 గ్రాముల నుంచి కిలో దాకా బరువు, వెన్ను 6 నుంచి 8 మిల్లీమీటర్లు. ఇందులో మీ భుజబలం కన్నా కత్తి బరువే ఎక్కువ పని చేయాలి. తేలిక మచ్చుకత్తితో మూలుగ ఎముక కొట్టేవాడు ఒకే చోట నాలుగు దెబ్బలు వేస్తాడు, కూరలో ఎముక పలుకులు వస్తాయి, తినేటప్పుడు ఇంటాయన పంటికి తగుల్తాయి.

డబ్బు రెండింటికే సరిపోతే ఒలుపుకూ కండకూ కలిపి 15 సెంటీమీటర్ల కత్తి ఒకటి, మచ్చుకత్తి ఒకటి తీసుకోండి. ఒక్కదానికే సరిపోతే మచ్చుకత్తి పక్కింట్లో అడగండి, చిన్నది కొనండి. బరువు కత్తి ఎవరిదైనా పనవుతుంది. సన్న కత్తి అంచు మాత్రం అరువుకిస్తే పాడవుతుంది, అడగడానికీ ఇవ్వడానికీ మొహమాటమే.

రెండో అడుగు: ఉక్కు ఎక్కడిదో కనుక్కోవడం

పదును నిలవడం ముఖ్యంగా ఉక్కులోని కార్బన్ మీదా, దాన్ని కాల్చి చల్లార్చిన తీరు మీదా ఆధారపడుతుంది. గ్రిల్లులకూ గేట్లకూ వాడే ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్, అంటే మెత్తటి ఇనుము) పట్టీలో కార్బన్ 0.25 శాతం లోపే. దాన్ని ఎంత ఎర్రగా కాల్చి ముంచినా గట్టిపడదు. సంతలో నల్ల రంగు పూసి అమ్మే చవక మచ్చుకత్తులు కొన్ని ఈ బాపతే. పైకి గొప్పగా కనిపిస్తాయి, మొదటి తొడ ఎముక దగ్గరే అంచు వంకర పోతుంది.

లారీ బరువు మోసే స్ప్రింగు, అదే కమాన్ పట్టీలో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. సిలికానో, క్రోమియమో, మాంగనీసో కలిసి ఉంటాయి. లోడు కింద వంగి లేవడానికే తయారు చేసిన ఉక్కు కాబట్టి దెబ్బకు విరగదు. మచ్చుకత్తికి దీన్ని మించింది నాకు తెలిసి లేదు. చిక్కల్లా పాతబడిన పట్టీతోనే. లక్షల కిలోమీటర్లు తిరిగిన పట్టీలో కంటికి కనపడని పగుళ్ళుంటాయి. విరిగిన పట్టీ ముక్క కంటే, వంపు పోయిందని తీసేసిన నిండు పట్టీ మేలు. దొరికితే వాడని కొత్త పట్టీ ముక్క ఇంకా మేలు.

లేత్ షాపుల్లో అరిగిపోయిన పవర్ ఆక్సా (కరెంటుతో ఇనుము కోసే రంపం) బ్లేడును గీకి చేసిన కత్తులు కసాయి అంగళ్ళలో తరచూ కనిపిస్తాయి. చాలా గట్టివి. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో 60 దాటతాయి. కండ మీద వాటికి సాటి లేదు, వారాల తరబడి పదును పోదు. ఎముకకు అడ్డంగా తగిలితే మాత్రం అంచు పెచ్చులుగా లేస్తుంది, ఆ పెచ్చు ఎక్కడ పోయింది అంటే కూరలోకే. చెయ్యి కుదిరినవాళ్ళ చేతిలో తప్ప ఇది వద్దంటాను.

కసాయివాళ్ళ కోసమే ఫ్యాక్టరీలో చేసిన మంచి స్టెయిన్‌లెస్ కత్తిలో కార్బన్ సుమారు 0.5, క్రోమియం 15 శాతం ఉంటుంది, గట్టిదనం 55 నుంచి 57. తుప్పు తొందరగా పట్టదు, ఇంట్లో సాన పట్టుకోవచ్చు. వంటింటి సెట్లలో వచ్చే పేరూ ఊరూ లేని స్టీలు కత్తుల్లో చాలావాటికి ఇంత కార్బన్ ఉండదు. గరిటెకు అంచు తీసినట్టుంటాయి.

నా లెక్క సూటిగా ఇదీ: సన్న కత్తి ఫ్యాక్టరీది కొనండి, మచ్చుకత్తి కమ్మరితో చేయించుకోండి. సన్న కత్తికి ఉక్కు మొత్తం ఒకే తీరుగా ఉండాలి, అది కొలిమిలో కష్టం. మచ్చుకత్తికి వెన్ను మెత్తగా, అంచు గట్టిగా ఉండాలి, అది కొలిమిలోనే బాగా కుదురుతుంది.

మూడో అడుగు: కొలిమి దగ్గర కాసేపు కూర్చోవడం

అప్పజెప్పి వచ్చేయకండి. కత్తి బతుకంతా తేలేది కడపటి పావుగంటలోనే.

"ఏం పట్టీ ఆచారీ ఇది?" అంటే "లారీదే అన్నా" అని జవాబొస్తుంది. అంతటితో ఊరుకోకుండా "నీళ్ళలో ముంచుతావా, నూనెలోనా?" అని అడగండి. కమాన్ పట్టీని నీళ్ళలో ముంచితే ఒక్కసారిగా చల్లబడి అంచున సన్నటి చీలికలు పడే ప్రమాదం ఉంది. దీనికి నూనే సరి. కొలిమిలో పెట్టిన కత్తికి అయస్కాంతం ఆనించి చూస్తే సుమారు 770 డిగ్రీల దగ్గర అతుక్కోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఇంకొంచెం, 850 దాటేదాకా, ముదురు ఎరుపు తేలిపడి నారింజ వైపు తిరిగేదాకా కాచి, అప్పుడు అంచు వైపు మాత్రం నూనెలో దించాలి. వెన్ను బయటే ఉండి మెల్లగా చల్లారుతుంది, మెత్తగా మిగులుతుంది.

ఇప్పుడు అంచు గాజులా పెళుసుగా ఉంటుంది. కింద పడితే ముక్కవుతుంది. దీన్ని మళ్ళీ సన్న సెగ మీద కాచి, కాస్త లొంగదీయాలి. కత్తి పక్కభాగాన్ని ఇసుకరాయితో తెల్లగా రుద్ది, వెన్నును నిప్పుల మీద పెడతారు. చూస్తుండగానే వెన్ను దగ్గర లేత గడ్డి రంగు పుడుతుంది. అది అంచు వైపు జరుగుతుంది, దాని వెనకాలే తేనె రంగు, ఆ వెనకాల వంకాయ రంగు, చివర నీలం. గడ్డి రంగు సుమారు 220 డిగ్రీలు, తేనె, గోధుమ రంగులు 250 ప్రాంతం, వంకాయ రంగు 280, నీలం 300. మచ్చుకత్తికి గోధుమ రంగు అంచును చేరగానే ముంచి ఆపేయాలి. కండకత్తి అయితే గడ్డి రంగు దగ్గరే ఆపాలి. రంగులు పరుగెత్తేది కొద్ది క్షణాలే. మంచి ఆచారి ఆ క్షణాల్లో ఎవరితోనూ మాట్లాడడు, ఫోన్ మోగినా ఎత్తడు. మీరు కూడా అప్పుడు లెక్కలూ రేట్లూ మాట్లాడకండి.

ఈ రెండో కాపు వేయకుండా ముంచి ఇచ్చేసే చోట కత్తి చేయించకండి.

నాలుగో అడుగు: డబ్బులిచ్చే ముందు పరీక్షలు

కత్తిని పిడి దగ్గర వదులుగా పట్టుకుని వెన్ను మీద గోటితో కొట్టండి. ఖంగుమని సాగితే ఒంట్లో పగులు లేనట్టు. బొత్తుమని ఆగిపోతే అనుమానించండి. పిడి వదులైనా ఇదే మోత వస్తుంది కాబట్టి పిడి కూడా ఊపి చూడండి.

కంటికెదురుగా అంచును తిప్పి తుపాకీ గురి చూసినట్టు చూడండి. అంచు తిన్నగా కనిపించాలి. తర్వాత దాన్ని వెలుతురుకు పెట్టండి. పదునైన అంచు మీద వెలుగు నిలవదు. ఎక్కడైనా సన్నటి తెల్లగీత మెరిసిందంటే అక్కడ మొద్దు.

ఆకురాయి పరీక్ష కమ్మరి దగ్గరే చేయొచ్చు. అంచు పక్కన ఆకురాయిని మెల్లగా ఒక్కసారి గీస్తే, మెత్తటి ఇనుముకు కస్సున పట్టుకుని పొట్టు రాలుతుంది. సరిగా గట్టిపడి లొంగిన ఉక్కు మీద కొంచెం పట్టుకుని కొంచెం జారుతుంది. పూర్తిగా గాజు మీద జారినట్టు జారిపోతే రెండో కాపు పడలేదన్నమాట.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇత్తడి పరీక్ష. పాత ఇత్తడి గరిటె కాడ ఒకటి జేబులో వేసుకుపోండి. సాన పట్టిన అంచును దాని మీద కొంచెం వాలుగా పెట్టి అదిమితే అంచు సన్నగా వంగుతుంది. వెలుతురులో చూస్తే ఆ వంపు కనిపిస్తుంది. ఒత్తిడి తీయగానే తిన్నగా వస్తే కత్తి కొనొచ్చు. వంగి అట్లాగే ఉంటే ఉక్కు మెత్తన. చిన్న పెచ్చు లేస్తే మరీ గట్టి. చేత్తో చూసి చెప్పలేనిదాన్ని ఈ చిన్న కాడ చెప్పేస్తుంది. అమ్మేవాడు వద్దంటే అక్కడ కొనకండి.

పిడి గురించి తక్కువే చెప్తా. రక్తం, కొవ్వు, నీళ్ళు తగిలినా జారకూడదు. నల్లతుమ్మ బాగా ఆగుతుంది. కత్తి తోక పిడి చివరిదాకా పోయి, కనీసం రెండు ఇత్తడి రివిట్లు ఉండాలి. మచ్చుకత్తికైతే మూడు. ముందు వైపు వేలు అంచు మీదికి జారకుండా చిన్న మెట్టు ఉండాలి. ఎర్రచందనం పిడి అని ఎవరైనా ఆశ పెడితే నవ్వి వచ్చేయండి. కడప అడవుల చెట్టు కోసం కేసు నెత్తికెత్తుకోవాల్సిన పని లేదు.

ఐదో అడుగు: సాన

కత్తి మంచిదే, సాన చెడ్డదైతే ఫలితం సున్నా. నేను చూసిన చాలా కత్తులు ఉక్కు లోపంతో కాక సాన లోపంతోనే పాడయ్యాయి.

వీధిలో సైకిల్ మీద సానచక్రం తిప్పేవాళ్ళకు ఇస్తే చూస్తూ నిలబడండి. నీళ్ళు తడపకుండా గట్టిగా అదిమితే అంచు వేడెక్కి నీలం మచ్చ పడుతుంది. నీలం అంటే 300 డిగ్రీలని పైన చెప్పుకున్నాం. కమ్మరి గడ్డి రంగు దగ్గరో గోధుమ రంగు దగ్గరో ఆపినదాన్ని సానవాడు అర నిమిషంలో మెత్తన చేశాడన్నమాట. ఆ మచ్చ ఉన్నంత మేరా అంచు ఇక నిలవదు, అరగదీసి తీసేయాల్సిందే. "నీళ్ళు ముంచుతూ పట్టు అన్నా" అని ఒక్క మాట ముందే చెప్పండి.

ఇంట్లోనైతే రెండు ముఖాల కార్బోరండం రాయి చాలు, ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు. తడిపి, కదలకుండా తడి గోనెపట్టా మీద పెట్టండి. కండకత్తిని రాయికి 15 నుంచి 20 డిగ్రీల వాలులో, మచ్చుకత్తిని 25 నుంచి 30 డిగ్రీల వాలులో పట్టాలి. కొలత కోసం: కత్తిని నిలువుగా పెడితే 90, సగానికి వాలిస్తే 45, అందులో సగం 22. అక్కడి నుంచి కాస్త తగ్గిస్తే కండకత్తి, కాస్త పెంచితే మచ్చుకత్తి. గరుకు పక్కన ఒకే వైపు నూరుతూ, అవతలి వైపు వేలిని అంచుకు అడ్డంగా, బయటికి జరుపుతూ చూడండి. మడమ నుంచి మొన దాకా వేలికి సన్నటి గరుకు తగిలిందంటే ఆ వైపు పని అయింది. అది తగలకముందే తిప్పేయడం వల్లే "ఎంత నూరినా పదును రావట్లేదు" అనే మాట పుడుతుంది. రెండో వైపూ అట్లాగే నూరి, తర్వాత నునుపు పక్కన బరువు తగ్గిస్తూ వైపు మారుస్తూ పొండి. చివర్లో కత్తి బరువు తప్ప చేతి బరువు వేయకూడదు. పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగితే మిగిలిన గరుకు పోతుంది. వార్తాపత్రిక కాగితాన్ని గాలిలో పట్టుకుని కోస్తే చప్పుడు లేకుండా దిగాలి.

మచ్చుకత్తికి అంత నునుపు అక్కర్లేదు. గరుకు పక్క అయ్యాక నునుపు మీద నాలుగు లాగులు చాలు.

ఇక మన రాళ్ళ సంగతి. బేతంచర్ల బండ మీదా, కడప నల్లబండ మీదా కత్తి నూరడం ప్రతి ఇంట్లో కనిపిస్తుంది. అవి సున్నపురాళ్ళు, ఉక్కు కంటే మెత్తన. తుప్పు పోతుంది, మురికి పోతుంది, కొత్త అంచు మాత్రం రాదు. గ్రానైట్ మెట్టు మీద నూరితే వస్తుంది, అందులోని పలుగురాయి ఉక్కు కంటే గట్టిది. కాకపోతే అంచు రంపంలా లేస్తుంది, మచ్చుకత్తికి సరిపెట్టుకోవచ్చు. అడవిలాంటి చోట దేవరకు పోయి రాయి మర్చిపోతే పింగాణీ కప్పు బోర్లించండి. అడుగున మెరుగు పూత లేని గుండ్రటి అంచు ఉంటుంది. దాని మీద కండకత్తిని నాలుగుసార్లు లాగితే పని గడిచిపోతుంది.

కసాయివాళ్ళు నడుముకు వేలాడేసుకునే ఉక్కుకడ్డీ సాన కాదు. అది మడత పడ్డ అంచును నిలబెడుతుంది, అంతే. ప్రతి పది పదిహేను నిమిషాలకు రెండు లాగులు లాగితే రాయి దగ్గరికి పోయే అవసరం చాలా తగ్గుతుంది. మొద్దుబారిపోయిన కత్తిని గంటసేపు దాని మీద టకటకలాడించినా ఫలితం ఉండదు.

వాడేటప్పుడు

మాంసం పెట్టి కొట్టే మొద్దు చింతదే కావాలి. దట్టంగా ఉంటుంది, పేడు తక్కువ లేస్తుంది, అంచును నొప్పించదు. మాంసం కొట్టడానికి బండరాయి, సిమెంటు గచ్చు వాడితే పైన చెప్పిందంతా ఒక్క దెబ్బతో పోయినట్టే. మచ్చుకత్తి ఎముకలో ఇరుక్కుంటే పక్కకు మెలిపెట్టకండి, పెచ్చులూడేది అక్కడే. ఎముకను పట్టుకుని కత్తిని వచ్చిన దారినే పైకి లాగండి. కీలు ఉన్న చోట కొట్టనే కొట్టకండి, కండకత్తితో నరం తెంపితే కీలు తనంతట తనే విడుతుంది.

పని కాగానే కడగాలి. రక్తంలో ఉప్పుంటుంది, కమాన్ పట్టీ కత్తిని సాయంత్రం దాకా అట్లాగే వదిలితే మచ్చలు పడతాయి. పొడిగుడ్డతో తుడిచి, పల్చగా ఆముదం పూయండి. మన ఇళ్ళలో చేతికందేది వేరుశనగ నూనె. అది నెలలు గడిస్తే జిగురై, ముక్క వాసన కొడుతుంది. తోలు ఒరలో దాచిపెట్టకండి, తోలు చెమ్మ పీలుస్తుంది. పొడి గోనెగుడ్డలో చుట్టి ఆరిన చోట పెట్టడమే మంచిది.

ఊరు దాటించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తులను ఆయుధాల నిబంధనలు ఆయుధాల కిందే లెక్కగడతాయి. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. మచ్చుకత్తి ఆ మినహాయింపులోకి వస్తుంది గానీ, అర్ధరాత్రి చెక్‌పోస్టు దగ్గర సీటు కింద విడిగా కనబడిన కత్తి గురించి కానిస్టేబుల్‌తో ఈ వాదన పెట్టుకోవడం కష్టం. అంచుకు అట్టముక్క కట్టి, గోనెలో చుట్టి, మొద్దూ రాయితో సహా ఒకే మూటగా డిక్కీలో పెట్టండి. బస్సయితే మూట కండక్టరుకు చెప్పి ఎక్కించండి.